పెళ్లి పత్రికలో మేనమామ పేరు

మా తమ్ముని బిడ్డ పెళ్లి పత్రికలు హనుమకొండ చౌరస్తాలోని ప్రెస్సు నుంచి ఒక శనివారం సాయంత్రం ఇంటికి వచ్చాయి. మరునాడు ఉదయం నాలుగు మూలలా పసుపు అద్ది, మొదటి పత్రికను భద్రకాళి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాము. రెండవదాన్ని నేను కిటికీ వెలుతురులో బల్ల మీద పరిచి, మడతలు కనపడకుండా రెండు చేతులతో సవరించి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. ‘పేరుపేరునా పిలువలేకపోయినా అందరూ రావాలి’ అని పైన ఒక వాక్యం కూడా రాశాను. మధ్యాహ్నానికి శుభాకాంక్షలు వరుసకట్టాయి. వాటి నడుమ ఒక పాత విద్యార్థి ‘వంటలు ఎవరివి సార్’ అని అడిగితే, వంటమేస్త్రి పేరు, ఆయన ఊరు, సగం అడ్వాన్సు ఇచ్చిన సంగతి, మిగతాది సరుకులు తెచ్చే రోజు ఇవ్వవలసి ఉన్న సంగతి అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. అడిగిన ప్రశ్నకు ఒకటికి రెండు జవాబులు చెప్పడం ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవానికి వదలని అలవాటు.

నాలుగవ రోజు మా తమ్మునికి ఫోన్ వచ్చింది. వంటమేస్త్రి అల్లుణ్ణని చెప్పుకొన్న ఆ మనిషి పెళ్లికూతురి పేరు, ముహూర్తం, ఫంక్షన్ హాలు, ఇచ్చిన అడ్వాన్సు సంగతి తడుముకోకుండా చెప్పి, నూనె, బియ్యం ధర పెరగబోతున్నదని, ఇవాళే బేరం చేసుకుంటే మంచిదని, మామ ఫోన్ చెడిపోయినందున తానే చేస్తున్నానని చెప్పి, పద్దెనిమిది వేలకు క్యూఆర్ కోడ్ పంపాడు. మా తమ్ముడు పత్తి బేరంలో క్వింటాలుకు పది రూపాయలు కూడా వదలని మనిషి. అయినా ఇంటి గుట్టు తెలిసినవాణ్ణి బయటివాడని ఎట్లా అనుకుంటాడు? పంపాడు. సాయంత్రం వంటమేస్త్రికి ఫోన్ చేస్తే, నాకు అల్లుడే లేడు సార్ అన్నాడు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేశాము. ఆ రాత్రే ఫిర్యాదు నమోదైంది. డబ్బు మాత్రం అప్పటికే చేతులు మారిపోయింది.

డబ్బు పోయినందుకు తమ్ముడు నన్ను ఒక్క మాటా అనలేదు. పెళ్లికూతురు మాత్రం నా పక్కన కూర్చుండి, ఫోన్‌లో ఆ పోస్టు తెరిచి, కింద నేను రాసిన జవాబును వేలితో చూపెట్టి, ‘నా పెళ్లి పత్రిక లోకానికి చూపెట్టే ముందు నన్నొక్క మాట అడిగినవా పెదనాన్నా?’ అన్నది. అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. పత్రిక అచ్చువేసేదే పదిమందికి తెలియడానికి కదా అని లోపల ఒక సమాధానం మెదిలింది గాని, దాన్ని పైకి అనే ధైర్యం రాలేదు.

ఆ రాత్రి పత్రికను మళ్లీ చేతిలోకి తీసుకొని, ముక్కూమొహం తెలియని మనిషి చదివినట్టు చదివాను. పైన తాతముత్తాతల పేర్లు. వాటి కింద తల్లిదండ్రుల పేర్లు, ఇంటి నంబరు, కాలనీ, రెండు సెల్ నంబర్లు. ముహూర్తం గంటా నిమిషాలతో సహా ఉన్నది; అంటే ఆ ఇంటికి ఏ రోజు, ఏ సమయంలో తాళం పడుతుందో అచ్చువేసి చెప్పినట్టే. అన్నిటికంటె నన్ను కలవరపెట్టింది ఎడమ వైపు చిన్న అక్షరాలలో ఉన్న మేనమామల వరుస. బ్యాంకులు ఖాతాదారుణ్ణి గుర్తుపట్టడానికి అడుగుతూ వచ్చిన ప్రశ్నలలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఒకటి. మేనమామ ఇంటిపేరే అది. మన సంప్రదాయం గౌరవంగా పత్రికలో చోటిచ్చిన ఆ పేరు, కాగితం మీద నూరు ఇండ్లకు పోయినప్పుడు మర్యాద. ఎవరైనా తెరిచి చూడగల గోడ మీద అంటించినప్పుడు తాళంచెవి.

ఇంతకూ ఆ పోస్టు తెలియనివారికి ఎట్లా కనపడింది? పేరు కింద, తేదీ పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే మిత్రులకు మాత్రమే, తాళం ఉంటే మనకు మాత్రమే, భూగోళం ఉంటే లోకమంతటికీ అని అర్థం. నా పోస్టు మీద భూగోళం ఉన్నది. వెనుకకు వెదికితే, 2021 జూలై 25న రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన సంబరంలో, అందరూ చదవాలని ‘పబ్లిక్’ పెట్టి ఒక పోస్టు రాశాను. ఫేస్‌బుక్ మనం చివరిసారి ఎంచుకున్నదాన్నే గుర్తుపెట్టుకొని తరువాతి పోస్టుకు వర్తింపజేస్తుంది. రామప్ప కోసం తెరిచిన తలుపు అట్లాగే తెరిచి ఉండిపోయింది. దానిలోంచే మనవరాలి మొదటి పుట్టినరోజు, మా అమ్మ సంవత్సరీకం, చివరికి ఈ పత్రిక బయటికి పోయాయి.

నా వయసువారితో ఈ మాట ఎత్తితే, మనకు దాచుకునేవి ఏమున్నాయని అంటారు. ఊళ్లో ఉన్నప్పుడు ఏ ఇంట్లో ఏ కూర వండారో వాడకట్టు మొత్తానికి తెలిసేది, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో అరుగు మీద కూర్చున్నవారు వడ్డీతో సహా చెప్పేవారు, అప్పుడు లేని గోప్యత ఇప్పుడెందుకని వారి వాదన. ఆ వాదనలో సగం నిజం ఉన్నది. కాని వాడకట్టులో నా సంగతి తెలిసినవాని సంగతి నాకూ తెలిసేది. వాడు ఎవరి కొడుకో, ఏ ఇంట్లో ఉంటాడో, మాట మోస్తే ఎవరి దగ్గర పంచాయితీ పెట్టాలో తెలుసు కనుక, తెలిసిన సంగతిని వాడుకోవడానికి ఒక జంకు ఉండేది. ఇక్కడ చూసేవాడు నాకు కనపడడు. ఎప్పుడు చూశాడో, ఏది దాచుకున్నాడో, ఎవరికి అమ్మాడో తెలిసే దారి లేదు.

ఒకరు తెరిచిన తలుపు నుంచి మరొకరి ఇల్లు దోపిడీ అయ్యే సంగతి పెద్ద లెక్కలోనూ ఒకసారి బయటపడింది. ఎన్నికల ప్రచారానికి సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే బ్రిటన్ సంస్థ ఫేస్‌బుక్ వాడేవారి వివరాలు రాబట్టిన వ్యవహారం 2018 మార్చిలో వెల్లడైన తరువాత, ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో నడిచిన ఒక యాప్‌ను మన దేశంలో వేసుకున్నవారు 335 మంది అని, వారి మిత్రుల జాబితాల ద్వారా వివరాలు బయటపడి ఉండగల భారతీయులు మొత్తం 5,62,455 మంది అని ఫేస్‌బుక్ సంస్థే అంచనా వేసి చెప్పింది. భాగించి చూశాను; ఒక్కొక్కరు ‘సరే’ అని నొక్కినందుకు సగటున 1,600 మందికి పైగా బజారులో పడ్డారు. వారిలో ఎవరూ ఆ యాప్ పేరు కూడా విని ఉండరు. నా అకౌంటుకు నేను ఎన్ని తాళాలు వేసుకున్నా, నా వివరాలు నా బావమరిది అకౌంటులోంచి పోవచ్చునన్నది దీనివల్ల నాకు బోధపడిన సంగతి. నా బావమరిదికి కూడా నావల్ల అంతే ప్రమాదం.

చట్టం లేదా అంటే ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, గోప్యత 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నిర్లక్ష్యంగా ఉన్న సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు ఆ చట్టంలో ఉన్నది. అయితే అందులోని మూడవ సెక్షన్ చదివినప్పుడు నా ముఖం చిన్నబోయింది. మనిషి తన వివరాలను తానే బహిరంగపరిస్తే వాటికి ఈ చట్టం వర్తించదు. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకున్న వివరాలకూ వర్తించదు. అంటే కంపెనీల మీద మనకు కొంత రక్షణ దొరికింది గాని, ఉత్సాహవంతులైన పెదనాన్నల నుంచి ఆడపిల్లలను ఈ చట్టం కాపాడదు.

తరువాతి వారమంతా రోజుకొక గంట అమ్మాయి నాకు పాఠం చెప్పింది. పాత పోస్టులన్నిటినీ ఒకేసారి మిత్రులకు పరిమితం చేసే ఏర్పాటు ఫేస్‌బుక్ సెట్టింగులలోనే ఉన్నది. ముందు ఆ భూగోళాలన్నీ పోయాయి. మిత్రుల జాబితా నాకు తప్ప మరొకరికి కనపడకుండా చేశాము. నా ఫొటో, నా పేరు పెట్టి దొంగ అకౌంటు తెరిచినవాడు ‘ఆస్పత్రిలో ఉన్నాను, కొంచెం డబ్బు పంపు’ అని అడిగేది ఆ జాబితాలోనివారినే కనుక, జాబితా దొరకకపోతే వాని పని సగం ఆగిపోతుంది. ఇతరులు నా పేరు ట్యాగ్ చేసిన ఫొటోలు నేను ఒప్పుకున్న తరువాతనే నా పేజీలో కనపడాలని పెట్టాము. ప్రొఫైల్‌కు తాళం వేసే సౌకర్యం 2020 నుంచి మన దేశంలో ఉన్నదట. ఇన్నేళ్లు నా కంటికి ఆనలేదు.

వాట్సాప్ దగ్గర ఇంకా ఎక్కువ సేపు పట్టింది. స్టేటస్ పెడితే నా వాళ్లే చూస్తారు కదా అన్నాను. ‘నీ వాళ్లు ఎంతమంది?’ అని ఆమె నా ఫోన్‌లోని నంబర్ల పట్టిక తెరిచింది. పదకొండు వందల పైచిలుకు ఉన్నాయి. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, ఒకసారి మోటారు బాగుచేసిన మెకానిక్, ధర్మసాగర్ దగ్గర ప్లాటు చూపెట్టిన బ్రోకరు, ‘ఆటో కాజీపేట’ అని రాసుకున్న నంబర్లు మూడు. వారి నంబరు నా దగ్గర, నా నంబరు వారి దగ్గర ఉంటే చాలు, నా మనవరాలి ఫొటో వారి ఫోన్‌లో వెలుగుతుంది. వారిలో చెడ్డవారున్నారని నేను అనను. వారికి ఆ ఫొటో చూపెట్టాలని నేను ఎన్నడూ అనుకోలేదు, అంతే. ఇప్పుడు స్టేటస్ చూసేవారు నలభై ముగ్గురు. ఒక్కొక్క పేరూ ఎంచి పెట్టుకున్నవే. ఎవరు పడితే వారు గ్రూపులలో చేర్చకుండా కూడా కట్టడి చేశాము, ఎందుకంటే గ్రూపులో చేరిన క్షణమే మన నంబరు అందులోని ప్రతి మనిషికీ కనపడుతుంది. రెండంచెల తనిఖీ కోసం ఆరంకెల పిన్ కూడా పెట్టించింది. పుట్టిన తేదీ పెట్టబోతే చెయ్యి పట్టుకున్నది.

ఊరు విడిచి పోయినప్పుడు అక్కడి నుంచే ఫొటోలు పెట్టే అలవాటు కూడా మానుకున్నాను. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరలో కాంటా మీద కూర్చుని ‘నిలువెత్తు బంగారం ఇస్తున్నాము’ అని మావాళ్లు గద్దెల దగ్గర నుంచే పోస్టులు పెడతారు. మన దగ్గర అది బెల్లమని అందరికీ తెలుసు. తెలియని దొంగ ఎవడైనా చదివితే ఏమనుకుంటాడో!

నవ్వుకు అన్నాను గాని, కాగితాల విషయం నవ్వేది కాదు. కొత్త ప్లాటు రిజిస్ట్రేషన్ కాగానే వేలిముద్రలతో ఉన్న దస్తావేజును ఎత్తిపట్టి ఫొటో దిగి స్టేటస్ పెట్టేవారు మా కాలనీలోనే ఉన్నారు. 2018లో మన పెద్దపల్లి జిల్లాలోనే, ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్ముకునే ఒక వ్యక్తి, ఇంటర్నెట్‌లో దొరికిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వాటితో ఇతరుల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ తరువాత నేను నా వేలిముద్రలను మరొకరు వాడకుండా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకున్నాను. ఎవరైనా ఆధార్ కాపీ వాట్సాప్‌లో పంపమంటే, చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ పంపుతున్నాను.

పెళ్లికి ఇంకా ఇరవై రోజులుండగా అమ్మాయి ఫోన్లలో పంపడానికి మరో పత్రిక తయారుచేసింది. దానిలో వధూవరుల పేర్లు, తేదీ, ‘చిరునామా కోసం ఫోన్ చేయండి’ అన్న ఒక మాట, అంతే. మేనమామలు నొచ్చుకుంటారేమోనని నేను భయపడ్డాను. వారి ఇండ్లకు నేనూ తమ్ముడూ పోయి, మా మరదలు బొట్టు పెట్టి, కాగితపు పత్రిక చేతికిచ్చి పిలిచాము. నర్సంపేటలో పెద్ద మేనమామ పత్రికలో తన పేరు మీద వేలు పెట్టి చదువుకొని సంతోషించాడు. ఆ పత్రికను ఆయన మనుమడు ఫొటో తీయబోతే మా తమ్ముడు వారించి, జరిగిన సంగతి మొత్తం చెప్పాడు. పద్దెనిమిది వేల ముచ్చట నా ముందర వాని నోట మొదటిసారి విన్నది అక్కడే. నా పేరు మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక పాత పోస్టులను ఒక్కొక్కటే చూస్తూ వెనుకకు పోతున్నాను. తీసివేయవలసినవి తీసివేస్తున్నాను, ఇతరులు ఉన్న ఫొటోలైతే వారికి ఫోన్ చేసి అడుగుతున్నాను. నిన్నటికి 2016కు వచ్చాను. తమ్ముని గృహప్రవేశం ఫొటో కనపడింది. గడప ముందు మా అమ్మ కొబ్బరికాయ పట్టుకొని నిలుచున్నది, ఆమె తల పక్కన ద్వారబంధం మీద ఇంటి నంబరు స్పష్టంగా ఉన్నది. తీసివేయమంటావా అని తమ్మునికి ఫోన్ చేశాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఆడ నుంచి తీసెయ్యి అన్నా, కానీ నాకొక ప్రింటు తీయించు’ అన్నాడు. పొద్దున చౌరస్తాలోని స్టూడియోలో ఇచ్చి వచ్చాను. పన్నెండు ఇంటూ పద్దెనిమిది సైజు, సాయంత్రానికి ఇస్తానన్నాడు.