యాంకర్ కుర్చీ కంటే ఎం బుక్ మేలు

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీఏ జర్నలిజం చదువుతున్నాను. స్టూడియో, టెలీప్రాంప్టర్, మంచి కెమెరాలు అన్నీ ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ల కళ్లన్నీ యాంకర్ కుర్చీ మీదే. నాకు మాత్రం సమాచార హక్కు క్లాసే ఎక్కువ నచ్చింది.

ప్రభుత్వ ఆఫీసుల నుంచి సమాచారం అడిగి తీసుకునేందుకు 2005లో వచ్చిన చట్టం అది. తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకైతే దరఖాస్తు ఫీజే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు అడుగుతున్నామో చెప్పక్కర్లేదు.

అసలు కిటుకంతా ప్రశ్న రాయడంలో ఉందని మేడమ్ బోర్డు మీద చూపించారు. ‘రోడ్డు ఎందుకు వేయలేదు?’ అంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. ‘ఫలానా రోడ్డుకు ఎంత మంజూరైంది, బిల్లు ఎవరికి, ఏ తేదీన చెల్లించారు, ఎం బుక్ నకలు ఇవ్వండి’ అంటే ఫైలు కదలాల్సిందే. చేసిన పని కొలతలన్నీ ఇంజినీరు రాసిపెట్టేది ఆ ఎం బుక్‌లోనే. ఆ గంటలో నేర్చుకున్నది నాకు జీవితాంతం పనికొస్తుంది.

పాఠాలు ఇంగ్లిష్‌లోనే. కానీ మా ఊరివాళ్లు చదవాలంటే తెలుగులో రాయాలి కదా! అందుకే హాస్టల్లో జిల్లా పేజీలు ముందేసుకుని, ప్రతి అసైన్‌మెంట్‌నీ తెలుగులో మళ్లీ రాస్తాను. మా ఊరి రోడ్డు గురించి రాసింది నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను.

“బాగుందమ్మా, ఇంతకీ బిల్లు ఎవరు తీసుకున్నట్టు?” అన్నారు.

నకలు కోసం మండల ఇంజినీరు ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేస్తాను.