వణుకు ఆపడానికి పట్టిన రెండేళ్లు

ఎలుకను చల్లబరచడం కష్టం కాదు, దాని ఒంటిని అందుకు ఒప్పించడమే కష్టం. చల్లటి పెట్టెలో పెట్టగానే వణుకుతుంది, భుజాల మధ్య ఉండే బ్రౌన్ ఫ్యాట్‌ను కాల్చి వేడి పుట్టిస్తుంది, 37 డిగ్రీలను వదలదు. మనిషి ఒళ్లూ అంతే. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నాక మెదడు దెబ్బతినకుండా మా నాన్నను ఐసీయూలో 33 డిగ్రీలకు తెచ్చినప్పుడు ఆ వణుకును అద్దం బయట నిలబడి చూశాను, దాన్ని ఆపడానికి మత్తూ, కండరాలు సడలించే మందూ రెండూ ఇవ్వాల్సి వచ్చింది. అమెరికాలో పీహెచ్‌డీకి చేరినప్పుడు వణుకు లేకుండా ఒంటిని చల్లబరిచే పని జరిగే ల్యాబే కావాలని పట్టుబట్టింది అందుకే.

అలాస్కాలో ఒక నేల ఉడత ఉంది, చలికాలం నిద్రలో దాని ఒంటి వేడి సున్నాకి కూడా కిందకి, మైనస్ 2.9 దాకా పోతుంది. ఆ నిద్రలోకి దాన్ని దింపేది మెదడులో అడినోసిన్ అనే రసాయనమని అక్కడి ఫెయిర్‌బ్యాంక్స్‌లో శాస్త్రవేత్త కెల్లీ డ్రూ బృందం చూపించింది. కాఫీ తాగితే నిద్ర ఎగిరిపోయేది ఈ అడినోసిన్‌ను అది అడ్డుకోవడం వల్లే, మా మందు సీహెచ్ఏ చేసేది సరిగ్గా దానికి ఎదురు పని. 2020లో జపాన్‌లోని త్సుకుబా వాళ్లు మెదడులో కొన్ని నాడీకణాలను ప్రేరేపించి, 2023లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాళ్లు తల పైనుంచి అల్ట్రాసౌండ్ పంపి ఎలుకల్లో ఇలాంటి స్థితే తెచ్చారు. మాది మాత్రం మందు దారి, ఎందుకంటే రేపు అంబులెన్స్‌లో వాడాలంటే సూదిమందే సులువని మా గైడ్ నమ్మకం, నాదీ అదే.

ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పట్టింది. తర్వాత పొట్టలో వేడి కొలిచే చిన్న ట్రాన్స్‌మీటర్ పెట్టే ఆపరేషన్ నేర్చుకున్నాను. మొదటి ఎలుకకు సీహెచ్ఏ ఇచ్చాక వణుకు ఆగింది, కానీ గుండె కూడా నెమ్మదించి నెమ్మదించి ఆగిపోయింది. ఈ మందు పట్టుకునే గ్రాహకాలు గుండెలోనూ ఉన్నాయి మరి. చదివిన సంగతే అయినా కళ్ల ముందు జరిగితే వేరు, ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. ఆ తర్వాత మెదడులోకి వెళ్లకుండా బయటే ఉండి గుండెను కాపాడే 8-ఎస్‌పీటీ అనే ఇంకో మందు కలిపి ఇచ్చాం.

గుండె నిలబడింది గానీ, ఒంటి వేడి పడిపోవడం ఆగలేదు. 32 దగ్గర ఆగాల్సింది 30 దాటి కిందకి పోయింది. లోపలి కాపలా పడుకున్నాక ఎలుక ఒళ్లు గది ఎలా ఉంటే అలా అయిపోతుందని, కాబట్టి పెట్టె చల్లదనాన్ని నిమిషనిమిషానికీ మనమే చూసుకోవాలని అప్పుడే అర్థమైంది. వేడెక్కించడం ఇంకా టెన్షన్, తొందరపడితే రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది, అందుకే గంటకు అర డిగ్రీ చొప్పున రాత్రంతా కూర్చున్నాను.

2021లో సుమారు 1,900 మందిపై జరిగిన పరీక్షలో, గుండె ఆగినవాళ్లను 33 డిగ్రీలకు తెచ్చినా, అలా చల్లబరచనివాళ్లకంటే ఎక్కువమందేమీ బతకలేదని తేలింది. మరి ఇదంతా ఎందుకని చాలామంది అడిగారు. వాళ్లందరినీ ఒంటితో పోరాడి చల్లబరిచారు, ఒళ్లు తనంతట తానే శక్తి అవసరం తగ్గించుకోవడం వేరని నా అభిప్రాయం, అది నిరూపించడమే నా పని.

రెండో ఏడాది చివర్లో ఒక ఎలుక 33 దగ్గర గంటలపాటు నిశ్చలంగా ఉండి, తెల్లవారాక మూతి కడుక్కుని మేత దగ్గరికి నడిచింది. నాన్నకు ఫోన్ చేశాను. ఐసీయూలో గడిపిన ఆ రోజులేవీ ఆయనకు గుర్తులేవు. అంతా విని, "పాపం, దానికి చలి వెయ్యలేదా అమ్మా?" అన్నారు.

"తెలిసిందో లేదో చెప్పలేను నాన్నా, వణకలేదు మాత్రం," అన్నాను.