గ్రహణం నాడు బొరుగులు

మన టెన్త్ బ్యాచ్ సావనీరు కమిటీ తరఫున మైక్ సెట్టుగాడు ఫోన్ చేశాడు. "నా విజయాలు అని శీర్షిక పెట్టాం. రెండు పేజీలు రాయి, పాస్‌పోర్టు సైజు ఫోటో పంపు, దేవుడి జోలికి పోవద్దు" అన్నాడు. మొదటి రెండూ ఒప్పుకున్నాను. మూడోది కూడా ఒప్పుకుంటే రాయడానికి నా దగ్గర ఏమీ మిగలదు.

విజయాలంటే టాపు ఉన్నాడు (అందర్నీ బడి నాటి మారుపేర్లతోనే రాస్తున్నాను). డల్లాస్‌లో ఇంటి ముందు దిగిన ఫోటో ఈపాటికి పంపేసి ఉంటాడు. మొలగొలుకులు తన మిల్లు గురించి రాస్తాడు. డాక్టరమ్మ రాయకపోయినా ఆమె గురించి మిగతావాళ్ళు రాస్తారు. నావి అంతంత విజయాలు కావు. కొన్నింటిని పక్కనున్నవాళ్ళు కూడా గమనించలేదు. దేవుణ్ణి నమ్మని మనిషి, నమ్మేవాళ్ళ మధ్య, ఎవరితోనూ పోట్లాడకుండా, అలాగని అబద్ధమూ ఆడకుండా రోజు గడుపుకుంటే అది నాకు ఒక విజయం. అంతకు మించి ఆశించవద్దు.

మన 1980 టెన్త్ బ్యాచ్‌లో ప్రార్థనకు చేతులు జోడించనివాణ్ణి నేనొక్కణ్ణే. దానికి కారణం నాగండ్ల బాబాయి. నాగండ్ల హేతువాది రావిపూడి వెంకటాద్రి గారి ఊరు. ఆయన 1943లో అక్కడ పెట్టిన కవిరాజాశ్రమంలో విన్నవన్నీ బాబాయి వేసవి సెలవుల్లో మా మిద్దె మీద పడుకుని నాకు చెప్పేవాడు. బాబాయి సెలవులు అయిపోగానే వెళ్ళిపోయేవాడు. ఆ మాటలతో బడికి పోవాల్సింది మాత్రం నేను.

డ్రిల్లు మాస్టారి బెత్తం మీకు గుర్తుండే ఉంటుంది. వరసలో చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డానని పిక్కల మీద రెండు తగిలించి, హెడ్మాస్టరు గది ముందు ఎండలో నిలబెట్టారు. అప్పుడు అటుగా వచ్చింది మన సైన్సు మాస్టారు, ఆక్సిజన్ అయ్యవారు. నుదుట నిలువు నామం, భుజాన కండువా, చేతిలో పిప్పెట్టు. శనివారమైతే మాలకొండ బస్సు ఎక్కందే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. మాలకొండ గుడి తెరిచేదే శనివారం ఒక్కరోజు కాబట్టి ఆయనకు శనివారం సెలవు పెట్టే అలవాటు ఉండేది. ఆ పూటల్లో మనం రేకుల షెడ్డులో ఏం చేశామో ఇక్కడ రాయనులే.

ఆయన నన్ను చూసి, డ్రిల్లు మాస్టారిని అడిగారు: "వీడు అల్లరి చేశాడా?"

"లేదండీ. దండం పెట్టడంట."

"పక్కనోణ్ణి పెట్టనీకుండా చేశాడా?"

"అదీ లేదు."

"మరి ఎండలో ఎందుకు?"

ఆ తర్వాత నన్ను లాబ్‌లోకి తీసుకుపోయి ఒప్పందం చేసుకున్నారు. "చేతులు కట్టుకుని నిలబడు. నవ్వొద్దు, గొణగొద్దు. ఎవరి ప్రార్థననూ నువ్వు చెడగొట్టవు. నీతో ఎవరూ పెట్టించకుండా నేను చూసుకుంటా." అంతే. నువ్వు తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగి, కుండలో నీళ్ళు ఇచ్చారు.

ఇక అసలు సంగతి. 1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ తేదీని మన బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోయి ఉండరు. సంపూర్ణ సూర్యగ్రహణం. అటు కర్ణాటక నుంచి తెలంగాణ మీదుగా ఒరిస్సా దాకా పూర్తిగా మూసుకుపోతుందని, మనకు మాత్రం సన్నటి వంక మిగులుతుందని అయ్యవారు ముందే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. ఊళ్ళో మాత్రం వేరే బొమ్మ నడిచింది. కళ్ళు పోతాయని, కిరణాలు తగిలితే ఒంటికి దద్దుర్లని, బావిలో నీళ్ళు విషమని. మా అమ్మ పొద్దున్నే ఆవకాయ జాడీ మీద, పెరుగు దుత్త మీద, చివరికి కిరసనాయిలు డబ్బా మీద కూడా గరిక వేసింది. మధ్యాహ్నానికి వీధిలో కుక్కలు తప్ప మనిషి లేడు.

అయ్యవారు ఆ శనివారం మాలకొండ పోలేదు. గ్రహణం రోజున గుడి మూస్తారు కాబట్టి పోలేదని కొందరన్నారు. నాకు తెలిసి ఆయన వారం ముందు నుంచే అట్టముక్కలకు గుండుసూదితో బెజ్జాలు పెట్టుకుంటున్నారు. బడికి రమ్మని ఎవర్నీ బలవంతం చేయలేదు. "ఇంట్లో వద్దంటే రావద్దు, ఇంట్లో చెప్పకుండా అసలు రావద్దు" అన్నారు. వచ్చినవాళ్ళం గుప్పెడు మందిమి. ఆడపిల్లల్లో డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. వాళ్ళ నాయన సైకిల్ మీద దింపి, తనొచ్చేటప్పటికి వాకిట్లో ఉండాలని చెప్పి పోయాడు. ఇప్పుడు బ్యాచ్‌లో సగం మంది తామూ ఉన్నామని చెప్పుకుంటున్నారు. ఉంటే ఉండనీ.

మన కోడిగుడ్డుగాడు మూకుడులో పేడనీళ్ళు పోసుకుని, అందులో చూస్తానని తెచ్చాడు. అయ్యవారు ఆ మూకుడు లాక్కుని పారబోశారు. "నీళ్ళలో చూసినా అద్దంలో చూసినా అదే సూర్యుడు, అదే కన్ను. వీపు తిప్పి నిలబడండి" అన్నారు. మేమంతా సూర్యుడికి వీపు చూపించి నిలబడ్డాం. ముందున్న అట్ట బెజ్జంలోంచి వెలుగు వెనకున్న తెల్లకాగితం మీద పడింది. మొదట గుండ్రంగా ఉంది. రెండున్నర దాటాక ఒక పక్క ఎవరో కొరికినట్టు తరిగింది. కాసేపటికి ఇంకా తరిగింది.

అప్పుడు డాక్టరమ్మే అంది, "అయ్యవారూ, కింద చూడండి" అని. చింతచెట్టు కింద నేలంతా వంకలు. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా చిన్న నెలవంకగా మారి ఉంది, వందల కొద్దీ. గాలికి చెట్టు కదిలితే అవన్నీ కదిలాయి. మన అట్టముక్కలో బెజ్జం చేసిన పనే ఆకుల సందులూ చేస్తున్నాయని అయ్యవారు చెప్పారు. ఆ చెట్టు రోజూ అదే పని చేస్తోందని, గుండ్రటి సూర్యుడి బొమ్మలు పడుతున్నా మనం ఎండచుక్కలు అనుకుని వాటి మీద నడిచి పోతున్నామని చెప్పారు. చలేసింది. కొంగలు పొద్దుగూకిందనుకుని చెరువు మీంచి చెట్లకు మళ్ళాయి.

నేను అడిగాను: "రాహువు యాడున్నాడు అయ్యవారూ?" వెటకారంగానే అడిగాను. ఆయనకు తెలుసు. అయినా మామూలుగానే చెప్పారు. "చంద్రుడు తిరిగే దారి కొంచెం వాలి ఉంటుంది, ఐదు డిగ్రీలు. సూర్యుడి దారిని అది రెండు చోట్ల దాటుతుంది. పంచాంగం కట్టేవాళ్ళు ఒకదాన్ని రాహువంటారు, ఒకదాన్ని కేతువంటారు. ఆ లెక్క తెలియకపోతే గ్రహణం ఎప్పుడో వాళ్ళు చెప్పలేరు. పాము కథ లెక్క రానోళ్ళ కోసం."

తర్వాత సంచీలోంచి బొరుగులు తీశారు. వేయించిన బొరుగులు, పుట్నాల పప్పు, ఉల్లిపాయ ముక్కలు. గ్రహణం పట్టి ఉండగా తినడమంటే మా ఇళ్ళల్లో తలుపు మూసి స్నానం చేయించేంత నేరం. ఎవరూ చేయి చాపలేదు. నేను చాపాను. మైక్ సెట్టుగాడు నా మొహంలోకి చూస్తూ ఏమన్నా అవుతుందేమోనని కాసేపు ఆగి, వాడూ తిన్నాడు. తర్వాత పొట్లం ఖాళీ అయింది. అయ్యవారు మాత్రం ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

"మీరు తినరా?"

"నాకు అలవాటు లేదు అబ్బయ్యా. నీకు ఆకలేస్తోంది గదా, తిను."

విడుపు అయ్యాక ఆయన బావి దగ్గర తలమీద నాలుగు చేదలు గుమ్మరించుకుని, తడి పంచెతో లాబ్‌కు తాళం వేసి వెళ్ళిపోయారు. తనకు నిషిద్ధమైన బొరుగుల్ని ముందు రోజే కొని, మాకోసం కట్టించుకుని తెచ్చిన మనిషి. ఆ బొరుగులు తిన్నందుకు ఇంటి దగ్గర నాకు పడ్డవి వేరే లెక్క.

తర్వాత ఇంటరు, ఇంజనీరింగు అయ్యాయి. వాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. కరెంటు డిపార్టుమెంటులో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరి, డీఈ (డివిజనల్ ఇంజనీరు) దాకా వచ్చాను. వచ్చే ఏడాది రిటైర్మెంటు. జిల్లాలే నా కింద మారాయి గానీ నేను పెద్దగా మారలేదు. పుట్టినప్పుడు మనది నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఊరు ఉన్నచోటే ఉంది.

పెళ్ళి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నాను. ముప్పై రోజుల నోటీసు బోర్డు మీద అంటిస్తారు కదా, శుభలేఖ వేయకుండానే బంధువులందరికీ తెలిసిపోయింది. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు మనవాళ్ళే. మా ఆవిడ నాస్తికురాలు కాదు. ఆవిడ వరలక్ష్మీ వ్రతానికి కలువపూలు తెచ్చేది నేనే, బేరం చేసి మరీ తెస్తాను. ఒంగోల్లో ఇంటి స్థలం వీధిపోటుది కొన్నాను. ఎవరూ కొనక పడి ఉన్నది, చవగ్గా వచ్చింది. ఆషాఢంలో దిగాం. ముహూర్తాలు లేని నెల కాబట్టి షామియానా వాడూ వంటవాడూ అడిగిన రేటుకు వచ్చారు. పిల్లలు ఆ ఇంట్లోనే చదువుకుని బయటికి వెళ్ళారు. ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. వీధిపోటు అని భయపెట్టిన బావమరిది ఇప్పుడు ఆ పక్క స్థలం దొరుకుతుందా అని అడుగుతున్నాడు.

ఉద్యోగంలో ఒక్క రోజు చెప్తాను. కనిగిరి వైపు కొత్త 33/11 కేవీ సబ్‌స్టేషన్. శుక్రవారం. టెస్టింగ్ వాళ్ళు పనంతా ముగించి, పదకొండుకు ఛార్జ్ చేద్దామన్నారు. ఊరి పెద్దమనిషి గడియారం చూసి, పన్నెండు దాకా రాహుకాలం, ఆగండి అన్నాడు. పన్నెండుకు టెస్టింగ్ జీపు ఇంకో చోటికి పోవాలి. పోతే మళ్ళీ సోమవారమే. నేను ఆయన్ని మిరపతోట గట్టుకు తీసుకుపోయి, వాడిన ఆకులు చూపించి, "రెండు రోజులు ఆగుతారా?" అని అడిగాను. రాహుకాలం అబద్ధమని అనలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "కాయ పన్నెండున్నరకు కొట్టుకుంటాం, కరెంటు ఇప్పుడే ఇవ్వండి" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మరు హమ్ అంది. మోటార్లు ఆడాయి. పన్నెండున్నరకు వాళ్ళు కాయ కొట్టుకుంటే నేను కొబ్బరి ముక్క తిన్నాను.

అలాగే లైన్‌మన్ ఒకతను. కసుమూరు దర్గాలో కట్టించుకున్న తాయెత్తు దండకు ఉందని, గ్లోవ్స్ లేకుండా స్తంభం ఎక్కబోయాడు. తీసెయ్యమని నేననలేదు. "తాయెత్తు ఉండనీ. దాంతోపాటు గ్లోవ్స్ వేసుకో. ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపారన్న అనుమతి) వచ్చిందా? ఎర్త్ రాడ్లు వేశావా? అప్పుడు ఎక్కు" అన్నాను. మా సెక్షన్‌లో ఆ వరస అలవాటుగా మారింది. అతను క్షేమంగా రిటైరయ్యాడు. తాయెత్తు వల్లనేనని ఇప్పటికీ చెప్తాడు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఆఫీసు ఖాళీ అయినప్పుడు, తిరిగొచ్చినవాళ్ళకు నా టేబుల్ మీది పేపర్ వెయిట్‌కు చెంచాతో పాలు తాగించి చూపించాను. తడి గాజుకు చెంచా అంచు ఆనిస్తే పాలు పలచటి పొరగా కిందికి జారిపోతాయి, చెంచా ఖాళీ అవుతుంది. తలతన్యత. ఆక్సిజన్ అయ్యవారి తొమ్మిదో తరగతి పాఠం. మా సూపరింటెండెంటు చూసి, "మీ పేపర్ వెయిట్‌లోనూ దేవుడున్నాడు సార్" అన్నాడు. దాన్ని విజయాల్లో కలపలేను.

అమ్మ సంగతి ఒకటి ఉంది. నాన్న పోయాక ఆమెను శనివారాలు మాలకొండకు నేనే తీసుకుపోయేవాణ్ణి. మొదటిసారి కొండ మీద చెప్పులు విప్పి, "నువ్వెటూ లోపలికి రావు. ఇవి కాపలా కాయి" అంది. తర్వాత ఊరివాళ్ళు కూడా నా దగ్గరే చెప్పులు వదలడం మొదలుపెట్టారు. గుడి బయట అంత నమ్మకస్తుడు ఇంకొకడు దొరకడు మరి, లోపలికి పోయే తొందర లేదు కదా.

నేత్రదానం కాగితం మీద సంతకం పెట్టమని అమ్మను చాలా బతిమాలాను. పోయిన ఆరు గంటల లోపు తీసుకుంటారని, తీసేది కంటి మీది పారదర్శకమైన పొరేనని, మొహం పాడుకాదని, ఇద్దరికి చూపు రావచ్చని చెప్పాను. అన్నీ విని ఒకటే అడిగింది: "వచ్చే జన్మలో గుడ్డిదాన్నై పుడతానంట గదరా?" దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే జన్మ లేదని చెప్తే ఆమె ఇంకా భయపడేది.

అయ్యవారు అప్పటికి రిటైరై కందుకూరులో ఉండేవారు. చూపు మందగించింది, నామం మాత్రం వంకర పోలేదు. సంగతి చెప్తే బస్సెక్కి వచ్చారు. అమ్మ పక్కన కూర్చుని, "తల్లీ, అన్నం పెట్టినోళ్ళకు వచ్చే జన్మలో అన్నం దొరకదని ఎవరైనా అన్నారా? మరి చూపు ఇచ్చినోళ్ళకు చూపు ఎట్టా పోతుంది?" అన్నారు. అమ్మ పెన్ను ఇటియ్యమంది. ఆయన కూడా అదే రోజు సంతకం పెట్టారు. ఇద్దరివీ, తర్వాత వేరు వేరు సంవత్సరాల్లో, చేరాల్సినవాళ్ళకు చేరాయి. అమ్మ కర్మకాండ తమ్ముడు చేశాడు. నేను వచ్చినవాళ్ళకు వడ్డించాను.

ఇంతకీ లాబ్ సంగతి. మన బ్యాచ్ కట్టిస్తున్న కొత్త సైన్సు గదికి కాయ ఎవరు కొట్టాలని గ్రూపులో వారం నుంచి నడుస్తోంది. మొలగొలుకులు కొడితే బాగుంటుంది, చందాలో పెద్ద వాటా వాడిదే. వైరింగు, మీటరు బోర్డు, ఎర్తింగు నేను చూసుకుంటున్నాను. ఎర్త్ పిట్ తవ్వించాను, పైపు వచ్చింది. పైపు చుట్టూ పోయడానికి బొగ్గు దొరికింది, ఉప్పు రావాలి. కోడిగుడ్డు చినగంజాం వైపు వస్తూ పోతూ ఉంటాడు కాబట్టి రాళ్ళ ఉప్పు బస్తా ఒకటి తెచ్చి వాచ్‌మన్‌కు ఇవ్వమని మనవి. అయొడైజ్డ్ ప్యాకెట్లు వద్దు, దండగ.