కిర్‌స్టెన్ చేసిన ఉద్యోగం

ఇవాళ సెలవు. పొద్దున్నుంచీ ఒకటే ముసురు, ఉతికిన బట్టలు ఒక్కటీ ఆరలేదు. మధ్యాహ్నం అక్క కూతురు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం కదా, ఇంట్లో ఎంట్రన్సుల టెన్షన్ భరించలేక వచ్చానంది. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ, ఈమధ్య నా బుర్రలోంచి పోని కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ సంగతి దానికి చెప్పడం మొదలుపెట్టాను.

ఆమెది దక్షిణాఫ్రికా. గోల్డెన్ గ్లోబ్ రేసులో 2022 సెప్టెంబర్ 4న ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ నుంచి తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, భూమంతా చుట్టి 2023 ఏప్రిల్ 27న మళ్లీ అక్కడికే చేరింది. దారిలో ఏ రేవులోనూ ఆగకూడదు. జీపీఎస్ వాడకూడదు. కోణాలు కొలిచే సెక్స్టంట్ అనే పరికరంతో సూర్యుణ్ణి, నక్షత్రాల్ని చూసి తానెక్కడుందో కాగితం మీద లెక్క కట్టుకోవాలి. 16 మంది బయలుదేరితే ఆ నిబంధనలతో పూర్తిచేసింది ముగ్గురే. రెండో స్థానం మన నేవీలో పనిచేసిన అభిలాష్ టోమీది. 2018లో ఇదే రేసులో వెన్నుకు దెబ్బ తగిలి ప్రాణాల మీదికి తెచ్చుకుని, మళ్లీ దానికే వెళ్లాడాయన. ఆయన గురించి విడిగా రాయాలి.

"ఇంతకీ ఆవిడ ఉద్యోగం ఏంటి పిన్నీ?" అంది మా పిల్ల. నాకు చెప్పాలనున్నది సరిగ్గా అదే.

ఆమె ఉద్యోగమే పడవలు నడపడం. ఇతరుల పడవల్ని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చిపెట్టేది. ఒకసారి 32 అడుగుల పాత పడవని, అస్తమానం రిపేరు అడిగేదాన్ని, పోర్చుగల్ నుంచి దక్షిణాఫ్రికా దాకా ఒక్కతే తెచ్చింది. చుక్కాని పట్టుకోవడానికి గాలివాటుతో పనిచేసే ఒక పరికరం తప్ప వేరే సాయం లేదు. తర్వాత అంటార్కిటికా, సౌత్ జార్జియా వైపు వెళ్లే వాళ్లని, సినిమా తీసేవాళ్లని తీసుకెళ్లే పడవకి స్కిప్పర్‌గా, అంటే కెప్టెన్‌గా చేసింది. రేసు కోసం మిన్నెహాహా అనే 36 అడుగుల పాత పడవ కొని, కెనడాలో దగ్గరుండి బాగుచేయించుకుని, అక్కణ్ణుంచి తనే నడుపుకొచ్చింది. గెలిచేనాటికి ఆమెకి 40 ఏళ్లు. ఒంటరిగా భూమి చుట్టే రేసు గెలిచిన మొదటి స్త్రీ అని అందరూ రాశారు. నిజమే. కానీ నాకు ఆ గెలుపుకన్నా, ఎవరూ చూడని ఆ జీతపు ఏళ్లే పెద్దవిగా కనిపిస్తాయి. తుపానులో చెయ్యి వణక్కుండా పనిచేయడం ఆమెకి అక్కడే వచ్చింది.

రేసు మధ్యలో, 2022 నవంబర్ 18న, హిందూ మహాసముద్రంలో ఫిన్లాండ్ పోటీదారు టాపియో లెహ్టినెన్ పడవ నిమిషాల్లో మునిగిపోయింది. ఆయన చిన్న రబ్బరు తెప్పలోకి దూకాడు. దగ్గర్లో ఉన్నది ఈమే, అదీ వంద మైళ్లకు పైన. కబురు అందగానే దారి మార్చి రాత్రంతా స్వయంగా చుక్కాని పట్టుకుంది. తెల్లారాక ఆయనకి ఆమె తెరచాప కనిపిస్తోంది, అలల మధ్య ఆమెకి తెప్ప కనిపించట్లేదు. రేడియోలో ఆయన ఇటు, అటు అని చెప్తుంటే వెతికి వెతికి పట్టుకుని, తాడు విసిరి పైకి లాగింది. ఇద్దరూ ఒక గుక్క రమ్ము తాగారు. తర్వాత ఆయన్ని దరియా గాయత్రి అనే సరుకు ఓడకి ఎక్కించి, ఆమె తన దారి పట్టింది. ఇదంతా చదువుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. గమ్యం చేరేదాకా తనే ముందుందన్న సంగతి ఆమెకి తెలియదట.

మా పిల్ల చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "మన వాళ్లెవరూ లేరా?" అంది. ఎందుకు లేరు! 2017-18లో తారిణి పడవలో భూమి చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో బొడ్డపాటి ఐశ్వర్యది మన హైదరాబాదే, స్వాతిది విశాఖ. అది రేసు కాదు, మధ్యలో రేవుల్లో ఆగారు. అయినా దక్షిణ అమెరికా చివర కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర సముద్రం అందరికీ ఒకటే.

హుస్సేన్ సాగర్‌లో పిల్లలకి సెయిలింగ్ నేర్పుతారని చెప్తే నమ్మలేదు. వాన తగ్గాక తీసుకెళ్తానన్నాను. అక్కతో మాట్లాడాలి, ఎంట్రన్సు అయ్యేదాకా ఆగమంటుందేమో. ఆగమన్నా సరే, నేను అడుగుతాను.