పచ్చకి నీలం అద్దం

ఇంగ్లండ్‌లోని డార్బీలో నా ఉద్యోగం రైల్వే సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెర మీద ఎర్ర గీతలు, పచ్చ చుక్కలు. నాలుగేళ్లయినా అసలు సిగ్నల్‌ని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకున్నది మంగళవారం సాయంత్రాలు వెళ్లే మోడల్ రైల్వే క్లబ్బులోనే, అదీ నాలుగంగుళాల ఎత్తుది.

అక్కడికి తీసుకెళ్లింది పక్కింటి పెద్దాయన. రిటైరయ్యేదాకా సిగ్నల్ ఫిట్టర్. నా యాస వింటే ముఖం చిట్లించేవాళ్లు ఆఫీసులో ఉన్నారు. ఈయనకి మాత్రం నా ఇంగ్లీషు కంటే నా టంకమే ఎక్కువ చిరాకు తెప్పించింది.

మొదట చేసింది ఇంజను. బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ల తొట్లు వేలాడే పానియర్ ట్యాంక్, గ్రేట్ వెస్టర్న్ అనే పాత బ్రిటిష్ రైల్వే కంపెనీది. 1929 నుంచి 1950 దాకా ఆ 5700 తరగతివి 863 కట్టారు. నాది ఇత్తడి రేకుల కిట్, అడుగుకి 4 మిల్లీమీటర్ల స్కేలు. ఆ లెక్కన పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, కానీ ఓఓ గేజ్ అనే మోడల్ పట్టాల కొలతలో 16.5 మాత్రమే. టెస్టర్ని కదా, అక్కడే పట్టుకున్నాను. “ముందు దాన్ని నడిపించు” అన్నాడాయన. నడవలేదు, కుంటింది. ఒక పక్క చక్రం క్రాంకుకీ రెండో పక్క దానికీ 90 డిగ్రీల తేడా ఉండాలి, అదీ మూడు ఇరుసులకీ ఒకేలా. నాది మధ్య ఇరుసు తప్పింది. అది సరిచేసిన ఉత్సాహంలో, ఇత్తడికి వాడే వేడితోనే, తక్కువ వేడికే కరిగే వైట్‌మెటల్ పొగగొట్టం అతికించబోయాను. రెండు సెకన్లలో అది కరిగి, బల్ల మీద వెండి చుక్కలా కూర్చుంది.

తర్వాత సిగ్నల్, స్తంభం మీద చెయ్యి కదిలే పాతకాలపు రకం. చెయ్యికి ఎరుపు, అంచు దగ్గర తెల్ల పట్టీ, అద్దాల్లో ఒకదానికి ఎరుపు, రెండోదానికి చక్కటి పచ్చ రంగు వేశాను. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

“పచ్చ ఎందుకు వేశావు?”

“పచ్చ సిగ్నల్ కదండీ.”

“లోపల వెలిగేది నూనె దీపం. దాని మంట పసుపు. ముందు నీలం అద్దం ఉంటేనే డ్రైవరుకి పచ్చ కనిపిస్తుంది.”

మర్నాడు ఆఫీసులో తెర మీది పచ్చ చుక్కల్ని కాస్త అనుమానంగానే చూశాను.

గ్రేట్ వెస్టర్న్ వాళ్ల సిగ్నల్ చెయ్యి దారి ఇచ్చినప్పుడు కిందికి వాలుతుంది. తీగ తెగితే బరువు దాన్ని మళ్లీ అడ్డంగా, అంటే ‘ఆగు’ అని చెప్పే ఎరుపు స్థితికి లేపేస్తుంది. డౌట్ వస్తే ఎరుపు అని మా టెస్ట్ కేసుల్లోనూ రాసి ఉంటుంది. ఆ పని ఇక్కడ ఒక ఇనప ముద్ద చేస్తోంది.

చెయ్యిని కదిలించడానికి సర్వో మోటారు పెట్టి, కోడ్ నేనే రాశాను. అసలు చెయ్యి ఎరుపుకి వచ్చి ఆగేటప్పుడు కాస్త ఊగుతుందని, మూడు ఊపులు పెట్టాను. పెద్దాయన నాలుగైదు సార్లు వేయించి చూశాడు.

“రెండు చాలు. మూడోది ఊగితే మా ఇన్‌స్పెక్టర్ తిట్టేవాడు.”

ఇంటికొచ్చి 3 తీసి 2 పెట్టాను.