బోర్డు మీద 40

మంగళవారం, రాత్రి పదకొండున్నర

పొద్దున్న నాన్న మెట్ల మీద జారారు. మణికట్టు బెణికిందో విరిగిందో తెలియక ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. గోడ మీది బోర్డు ‘సుమారు 40 నిమిషాలు’ అంది. డాక్టరు పిలిచేసరికి రెండుంపావు గంటలైంది. బోర్డు మాత్రం 40 దగ్గరే కూర్చుంది. నాన్న బోర్డునీ, నా మొహాన్నీ మార్చిమార్చి చూశారు, డేటా ఉద్యోగం చేసేవాణ్ణి కాబట్టి తప్పు నాదే అన్నట్టు.

ఊరుకోలేక లెక్కేశాను. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది: గంటకి వచ్చేవాళ్లని ఒక్కొక్కరు గడిపే సగటు సమయంతో గుణిస్తే, లోపల సగటున ఎంతమంది ఉంటారో వస్తుంది. గంటకి 12 మంది వస్తూ లోపల 30 మంది ఉంటే తలా రెండున్నర గంటలు. సూత్రంలో లోపం లేదు. అది సగటు మనిషి సంగతి చెబుతుంది, నా పక్కన కూర్చున్న మనిషిది కాదు.

ఇక్కడ ముందొచ్చినవాళ్లకి ముందు అనే క్యూ లేదు కదా. రోగి పరిస్థితి ఎంత తీవ్రమో బట్టి రంగు ఇచ్చి వరస తేల్చే పద్ధతి మాంచెస్టర్ ట్రయాజ్. అందులో ఎరుపైతే వెంటనే చూడాలి, నారింజకి 10 నిమిషాలు, పసుపుకి 60, ఆకుపచ్చకి 120, నీలానికి 240. మా నాన్న లాంటి కేసు వెనక వరసలోదే. గుండెనొప్పితో ఎవరొచ్చినా మా ముందుకి వెళతారు, వెళ్లాలి కూడా. అంటే మా నిరీక్షణ ఎంతో తేల్చేది, ఆ క్షణానికి ఇంకా ఇంట్లోనే ఉన్నవాళ్లు! బోర్డు వాళ్లనెలా లెక్కపెడుతుంది?

ఇంకోటి సిస్టర్ చెప్పింది: “పైన వార్డులో బెడ్డు ఖాళీ కాలేదండీ, అడ్మిటైనవాళ్లు ఇక్కడే ఉన్నారు.” హాల్లో తలలు లెక్కపెడితే ఇది దొరకదు. పై అంతస్తులో డిశ్చార్జి కాగితం మీద సంతకం ఎప్పుడవుతుందో తెలియాలి.

ఎదురుగా కూర్చున్నాయన గంటన్నర చూసి లేచి వెళ్లిపోయాడు. డాక్టరుని చూడలేదు కాబట్టి ఆయన నిరీక్షణ పూర్తయినట్టు నమోదు కాదు. అలాంటివాళ్ల వివరాల్ని డేటాలోంచి తీసేస్తే, విసిగిపోయినవాళ్లు పోయి సగటు తగ్గి కనబడుతుంది. నేనూ ఒకప్పుడు అలా తీసేసినవాణ్ణే.

బోర్డు మీద 40కి బదులు ‘గంట నుంచి మూడు గంటలు’ అని రాస్తే చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ నాన్న ఆటోలో అదే అన్నారు: “మూడు గంటలని ముందే చెబితే కళ్లజోడు తెచ్చుకునేవాణ్ణి కదరా.”

ఎముక విరగలేదు. కట్టు కట్టారు, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. కళ్లజోడు ఇప్పటికే సంచిలో పెట్టేశారు.