ఈ పొదుపు ఎవరి కోసం?

ఏప్రిల్ 4, శనివారం, నల్లకుంట

ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకమైన పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతాలో ప్రతి నెలా 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వపైనే వడ్డీ లెక్కిస్తారు. ఏడాది వడ్డీ పూర్తిగా దక్కాలంటే ఏప్రిల్ 5 లోపే డబ్బు జమ కావాలి. రేపు ఆదివారం కాబట్టి ఆ పని ఈ ఉదయమే ముగించాలని కూర్చున్నాను గానీ, ఎంత జమ చేయాలన్న దగ్గర చెయ్యి ఆగింది.

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకు ఆదాయపు పన్ను చట్టమే జవాబు చెప్పేది. 80సి సెక్షన్ కింద లక్షన్నర వరకు మినహాయింపు ఉండేది కనుక, ఆఫీసులో రుజువులు అడిగే వేళకు ఆ అంకె నిండేలా పీపీఎఫ్‌లో ఇంత, బీమా పాలసీకి ఇంత అని సర్దేవాళ్లం. కొత్త పన్ను విధానంలోకి మారాక ఆ మినహాయింపు మాకు లేదు. పన్ను అనే కారణం పక్కకు తప్పుకున్నాక, ప్రతి ఖాతా తానెందుకు ఉన్నదో తానే చెప్పుకోవలసి వచ్చింది. ఇది మాలాంటి ఉద్యోగస్థుల ఇళ్లకు జరిగిన మేలేనని నేను నమ్ముతున్నాను.

అందుకే పద్దు పుస్తకంలో ఖాతాల పేర్లు, మొత్తాలు రాసి, ఆ పక్కన ‘ఎవరి కోసం’ అని మరో వరస గీశాను. మా ఆయనకు ఏమైనా జరిగితేనే డబ్బు వచ్చే టర్మ్ పాలసీ పక్కన ‘నేనూ, పాపా’ అని వెంటనే రాయగలిగాను. ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన సుకన్య సమృద్ధి పథకంలో పాప పేరున ఉన్న ఖాతా దగ్గర మాత్రం కొంతసేపు ఆలోచించాను. 2016లో ఖాతా తెరిచినప్పుడు ఇంజినీరింగ్ చదువు కోసమని అనుకున్నాం. పదిహేనేళ్లు కట్టాలి, పాపకు పద్దెనిమిదేళ్లు నిండాక చదువు కోసం నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ పిల్ల గంటల తరబడి బొమ్మలు గీస్తూ కూర్చుంటోంది. ‘ఇంజినీరింగ్’ అన్న మాట కొట్టేసి ‘తాను ఏది చదివితే అది’ అని రాశాను. కట్టే డబ్బు మారలేదు గానీ, ఆ డబ్బు చాటున ఆమె మీద మేము పెట్టిన బరువు కాస్త తగ్గింది. పన్ను కోసమే తీసుకున్న ఒక ఎండోమెంట్ పాలసీ (బీమాతో పాటు గడువు తీరాక డబ్బు చేతికొచ్చేది) పక్కన రాయడానికి ఎవరి పేరూ దొరకలేదు. దాన్ని పెయిడప్‌గా మార్చడం, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన బీమా మొత్తంతో కొనసాగించడం, మేలా కాదా అన్నది వచ్చే వారం కనుక్కోవాలి.

అత్తయ్య గారిని అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు. ఆవిడ రిటైరైన టీచరు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టిన డబ్బుకు మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, ఈ నెల మొదట్లో వచ్చినది ఇప్పటికే పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకున్నారు. గుడ్డసంచిలోంచి పాస్‌బుక్ తీసి, అందులో దాచిన మూడు కవర్లు నా ముందు పరిచారు. ఒకటి తన మందులకు, ఒకటి పండక్కి వచ్చే ఆడపడుచు పిల్లలకు, మూడోది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురి ఇంటర్ ఫీజుకు. ‘‘ఇందులో అడగడానికేముందమ్మాయ్, ఎవరికివ్వాలో తెలిశాకే కదా దాచింది’’ అన్నారు. మా ఇంట్లో ఇష్టానికీ లెక్కకూ తేడా లేకుండా బతుకుతున్నది ఆవిడ ఒక్కరేనని నాకు అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆయన తెల్లాపూర్ ఫ్లాటు సంగతి ఎత్తారు. ఉండటానికి ఇల్లు ఉన్నా, ధరలు పెరుగుతాయని రెండోది కొందామని ఆయన ఆలోచన. యాభై లక్షల అప్పును ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు లెక్క వేస్తే నెలసరి వాయిదా సుమారు 43,400 రూపాయలు వచ్చింది, మొత్తం కట్టేది కోటీ నాలుగు లక్షలు దాటింది. నాకు భయం వేసింది ఆ కోటిని చూసి కాదు. ఇప్పుడు నాకు నలభై మూడేళ్లు. ఆ వాయిదాలు తీరేసరికి అరవై మూడు వస్తాయి, అప్పటిదాకా ఇద్దరిలో ఎవరమూ జీతం వదులుకునే వీలుండదు. బీఎడ్ చేసి పిల్లలకు లెక్కలు చెప్పాలన్నది నా చిరకాల కోరిక, ఆ కోర్సుకు రెండేళ్లు పడుతుంది. ‘‘ఏమండీ, ఆ రెండేళ్ల విలువను ఫ్లాటు ధరలో కలిపి చూడండి’’ అన్నాను. ఆయన చాలాసేపు కాగితం వైపే చూసి, ఫ్లాటు వద్దని బిల్డర్ మనిషికి సోమవారం చెప్పేస్తానన్నారు.

ఉదయం తేలని ప్రశ్న అప్పుడు తేలింది. నా పీపీఎఫ్ 2030లో పూర్తవుతుంది. ఆ డబ్బు రెండేళ్లు నా జీతం లేని లోటును పూడ్చగలదు. అందుకే ఎప్పటిలాగే లక్షన్నరా జమ చేసి, పక్కన ‘నా చదువు’ అని రాశాను.

అత్యవసర నిధి మీద మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలని ఆయన అంటున్నారు. అత్తయ్య గారి వయసు దృష్ట్యా ఏడాది ఖర్చు ఉండాలని నా పట్టుదల. ప్రస్తుతానికి తొమ్మిది నెలలకు ఒప్పుకున్నాం, ఆమె ఆరోగ్య బీమా రెన్యువల్ అయ్యాక మళ్లీ మాట్లాడుకోవాలి.